కర్నూలులో పనివాళ్లకు అందే బాడుగ ఇళ్లు రావాలంటే: జోనింగ్ రూల్స్‌లో ఏం మార్చమని అడగాలి, ఎవరిని అడగాలి

ఓర్వకల్లు దగ్గర ఫ్యాక్టరీలు వస్తాయి, మన పిల్లలకు ఉద్యోగాలు వస్తాయి అని అందరం అంటున్నాం. ఆ ఉద్యోగం చేసే మనిషి షిఫ్టు దిగాక ఎక్కడ పడుకుంటాడన్నది మాత్రం పెద్దగా ఎవరూ అడగట్లేదు. 2024 ఆగస్టులో కేంద్రం ఓర్వకల్లులో 2,621 ఎకరాలు, కడప పక్కన కొప్పర్తిలో 2,596 ఎకరాలు పారిశ్రామిక నోడ్లుగా, అంటే ఫ్యాక్టరీల కోసం కేటాయించిన ప్రాంతాలుగా, మంజూరు చేసింది. ఎకరాల లెక్క పేపర్లో వచ్చింది కానీ ఇళ్ల లెక్క రాలేదు. ఇళ్ల లెక్క లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు, నంద్యాల చెక్‌పోస్టు వైపు సందుల్లో మిద్దెల మీద చూడండి. ప్లాన్‌లో లేని రేకుల షెడ్డు, ఒక పక్క సిమెంటు ఇటుకల గోడ, కిటికీ ఉండాల్సిన చోట రెండు ఇటుకలు తీసేసిన కంత, ఐదారుగురికి ఒకటే బాత్రూము, మే నెలలో పగటి నిద్ర అసాధ్యం. నైట్ షిఫ్టు చేసొచ్చినవాడు పగలే కదా పడుకోవాలి.

ఈ గైడ్ ఎవరికంటే కాలనీ సంఘాల వాళ్లకు, యూనియన్ల వాళ్లకు, వార్డులో నలుగురు మాట వినే మనిషికి, ఇంకా పదిసెంట్ల స్థలం చేతిలో పెట్టుకుని ఏం కడదామా అని ఊగిసలాడుతున్నవాళ్లకు. జోనింగ్ అంటే భయపడకండి. ఏ స్థలంలో ఏం కట్టొచ్చు, ఎంత ఎత్తు కట్టొచ్చు, చుట్టూ ఎంత వదలాలి, ఎన్ని బండ్లకు చోటు చూపించాలి, ఇంతే. "గవర్నమెంటు ఇళ్లు కట్టించాలి" అని అడిగితే ఎవరూ కాదనరు, ఎవరూ కట్టరు కూడా. దానికంటే ఇల్లు రాకుండా అడ్డం పడుతున్న రూలు ఫలానాది అని వేలు పెట్టి చూపించి, దాన్ని ఇట్లా మార్చండి అంటే ఫైలు కదులుతుంది. కింద ఉన్న పనులన్నీ దానికోసమే.

అన్నట్టు కర్నూలుకు ఇది కొత్త సంగతి కాదు. 1953లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు ఉన్నట్టుండి వచ్చిపడిన ఉద్యోగులకు చోటు చూపించాల్సి వచ్చే ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు పుట్టాయి. అప్పుడు పని ముందు, దానితోపాటే ఇల్లు అని ఆలోచించారు.

మొదటి పని: ఎవరికి, ఎంత బాడుగలో

"పేదలకు ఇళ్లు" అని రాస్తే మీ అర్జీ హౌసింగ్ స్కీముల ఫైల్లో పడిపోతుంది. మనం మాట్లాడేది సొంత స్థలం పట్టా కోసం ఎదురుచూసే కుటుంబం గురించి మాత్రమే కాదు. ఫ్యాక్టరీలో ఆపరేటరు, ఆసుపత్రిలో నర్సు, ప్రైవేటు స్కూలు టీచరు, ఆర్టీసీలో కాంట్రాక్టు డ్రైవరు, సెక్యూరిటీ గార్డు, వీళ్లలో చాలామందికి ఇప్పటికిప్పుడు కావాల్సింది పనికి దగ్గరలో బాడుగ ఇల్లు. కేంద్రం లెక్కలో ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉంటే ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన వర్గం), 3 నుంచి 6 లక్షల మధ్య ఎల్ఐజీ (తక్కువ ఆదాయ వర్గం). పనివాళ్లలో ఎక్కువ మంది ఈ రెండిట్లోనే ఉంటారు.

నెలకు 15 వేలు వచ్చే మనిషిని తీసుకోండి. ఆదాయంలో 30 శాతం మించి బాడుగకు పోకూడదని అన్ని చోట్లా వాడే కొలత, అంటే 4,500. ఇందులోంచి రాను పోను ఖర్చు తీసేయండి. రోజూ బండి మీద నలభై యాభై కిలోమీటర్లు తిరిగేవాడికి పెట్రోలుకే ఎంత పోతుందో మీకు తెలుసు. కాబట్టి మీ టార్గెట్ నాలుగు వేల చుట్టుపక్కల బాడుగ, ముప్పావుగంట లోపు ప్రయాణం. ఈ రెండు అంకెలు కాగితం మీద పైన రాసుకోండి, తర్వాత అడిగే ప్రతి మార్పునూ వీటితో సరిచూసుకోవాలి.

రెండో పని: మ్యాపు ముందేసుకోవడం

కర్నూలు కార్పొరేషన్ హద్దు లోపల అయితే టౌన్ ప్లానింగ్ సెక్షన్. హద్దు దాటితే కుడా, అంటే కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ. ఓర్వకల్లు మండలం ఊళ్లు పంచాయతీలు, అక్కడ కార్పొరేషన్‌కు అర్జీ పెడితే తీసుకుని పక్కన పడేస్తారు. ఏపీఐఐసీ, అంటే రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ, ఇండస్ట్రియల్ ఏరియాగా నోటిఫై చేసిన భూమిలో అయితే కథ వేరు, అక్కడ ఐలా అనే స్థానిక అథారిటీ ఉంటుంది, ప్లాన్ అనుమతి వాళ్లదే. అనంతపురం వాళ్లకు కుడా బదులు అహుడా, అంటే అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ. ఎవరి గడప తొక్కాలో ముందే తేల్చుకోకపోతే ఆరు నెలలు తిరగడమే మిగులుతుంది.

మాస్టర్ ప్లాన్ మ్యాపులో మామూలుగా పసుపు రంగు నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమ, ఎరుపు స్కూళ్లు ఆఫీసుల లాంటివి. మీకు కావాల్సింది రంగు కంటే దాని వెనకాల ఉండే పేజీలు, జోనింగ్ రెగ్యులేషన్స్ అనే భాగం. ఏ రంగులో ఏ వాడకానికి నేరుగా అనుమతి ఉంది, దేనికి ప్రత్యేక అనుమతి కావాలి, ఏది అసలు కుదరదు అని అందులో వరసగా ఉంటుంది. అడిగితే ఇవ్వకపోతే ఆర్టీఐ వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఆ మ్యాపు మీద మూడు గుర్తులు పెట్టండి: పని చోట్లు, బస్సు తిరిగే రోడ్లు, ఇప్పటికే నీళ్ల పైపు, డ్రైనేజీ ఉన్న చోట్లు. ఈ మూడూ కలిసేచోట మీకు ఇళ్లు కావాలి. తర్వాత పెన్సిల్ రంగు మార్చి నీళ్లొచ్చే చోట్లు గీయండి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరిని ఏం చేశాయో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, అడగండి. చవగ్గా దొరుకుతోందని హంద్రీ ఒడ్డున పనివాళ్లకు ఇళ్లు వేయించడమంత పాపం ఇంకోటి లేదు. కడపలో బుగ్గవంకకు, అనంతపురంలో నడిమి వంకకు కూడా ఇదే మాట.

మూడో పని: అడ్డం పడే రూలు పట్టుకోవడం

అసలు విషయం ఇక్కడుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

చాలా రాష్ట్రాల్లో స్థలానికి ఇన్ని రెట్లు కట్టొచ్చు అని ఎఫ్ఎస్ఐ పరిమితి ఉంటుంది. మన 2017 బిల్డింగ్ రూల్స్, అదే 119 నంబరు జీవో, ఆ దారిలో పోలేదు. ఇక్కడ ఎంత కట్టాలన్నది ముందున్న రోడ్డు వెడల్పు, బిల్డింగు ఎత్తు, చుట్టూ వదిలే సెట్‌బ్యాక్ తేలుస్తాయి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, 2020లో కేంద్రం తెచ్చిన అందుబాటు బాడుగ ఇళ్ల పథకంలో పెద్ద ప్రోత్సాహకం ఏమిటంటే 50 శాతం అదనపు ఎఫ్ఎస్ఐ ఉచితం. పరిమితే లేని చోట అదనం ఇస్తే ఎవరికి లాభం? ఢిల్లీ నుంచి వచ్చిన సర్క్యులర్‌ను అట్లాగే చదివి "మాకూ 50 శాతం ఇవ్వండి" అని అర్జీ పెడితే ప్లానింగ్ ఆఫీసరు నవ్వుకుంటాడు. మన దగ్గర అడగాల్సింది ఒక అంతస్తు ఎక్కువ, సెట్‌బ్యాక్‌లో సడలింపు, పార్కింగ్ తగ్గింపు.

లెక్కేసి చూద్దాం. పదిసెంట్ల స్థలం అంటే 484 గజాలు, దాదాపు 405 చదరపు మీటర్లు. సెట్‌బ్యాకులు పోను 215 చదరపు మీటర్ల మీద బిల్డింగు లేస్తుందనుకోండి. కింద స్టిల్టు (గోడల్లేకుండా స్తంభాల మీద వదిలే జాగా), పైన మూడు అంతస్తులు, మొత్తం 645 మీటర్లు. మెట్లు, నడవలు పోను ఎనభై శాతం మిగిలితే 516. ఒక్కో ఇల్లు 30 మీటర్లు పెట్టుకుంటే 17 ఇళ్లు. 30 మీటర్లంటే మరీ చిన్నది కాదు, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో వాళ్లు కట్టిన 300 చదరపు అడుగుల ఫ్లాటు కంటే కాస్త పెద్దదే.

ఇక పార్కింగు. రూలు నిర్మాణ విస్తీర్ణంలో ఇంత శాతం అని అడుగుతుంది. 30 శాతం అనుకుంటే 190 మీటర్ల పైమాటే, అంటే కింద స్టిల్టు దాదాపు మొత్తం పార్కింగుకే పోయింది. ఎవరి కారు కోసం? ఢిల్లీ మాస్టర్ ప్లాన్ లెక్కలో స్టిల్టు కింద ఒక కారుకు, తిప్పుకునే జాగాతో కలిపి, 28 మీటర్లు. పనివాడి ఇల్లు 30 మీటర్లు, లేని కారుకు 28 మీటర్లు! అదే పార్కింగును నిర్మాణ విస్తీర్ణంలో పదో వంతుకు తగ్గించి బైకులకు వదిలితే 65 మీటర్లు చాలు, మిగిలిన జాగాలో కిందనే ఇంకో నాలుగు ఇళ్లు వస్తాయి, మొత్తం 21. పైన ఒక అంతస్తు కూడా కలిస్తే 25 దాకా పోతుంది.

స్థలం ఖరీదు కోటి అనుకోండి. సొంతానికి రెండు పోర్షన్ల ఇల్లు కడితే ఒక్కో పోర్షన్ నెత్తిన 50 లక్షల భూమి భారం. 17 ఇళ్లయితే 5 లక్షల 90 వేలు, 21 అయితే 4 లక్షల 76 వేలు, 25 అయితే 4 లక్షలు. సర్కారు పైసా ఇవ్వలేదు, కాగితం మీద రెండు రూల్స్ మారాయి, అంతే. మీ వార్డులో నిజంగా ఉన్న ఒక స్థలానికి, ఈ రోజు అమలులో ఉన్న శాతాలతో, ఒక ఎల్‌టీపీ, అంటే ప్లాన్లు వేసే లైసెన్సున్న, ఇంజనీరును కూర్చోబెట్టి ఇదే లెక్క వేయించండి. ఆ ఒక్క పేజీ మీ అర్జీలో మిగతా అన్నిటికన్నా బరువైనది.

పార్కింగు కాకుండా చూడాల్సిన అడ్డాలు ఇంకో రెండు. ఒకటి, హాస్టల్, డార్మిటరీ లాంటివాటిని ఏ గంపలో వేశారన్నది. కమర్షియల్ అని పెడితే నివాస వీధిలో అనుమతి కష్టం, వచ్చినా పన్ను, కరెంటు కమర్షియల్ రేటు. రెండు, పరిశ్రమల జోన్‌లో నివాసం మొత్తానికే కుదరదని రాయడం. పొగ, రసాయనాలు వచ్చే ఫ్యాక్టరీ పక్కన ఇళ్లు వద్దనడం న్యాయమే. కానీ బట్టలు కుట్టే, ఎలక్ట్రానిక్స్ బిగించే యూనిట్లకు కూడా అదే రూలు పెడితే పనివాడు ఇరవై కిలోమీటర్ల అవతల ఉండాల్సిందే. 2024 డిసెంబరులో నీతి ఆయోగ్ పనివాళ్ల వసతి మీద ఇచ్చిన రిపోర్టు కూడా పారిశ్రామిక ప్రాంతాల దగ్గర మిశ్రమ వాడకాన్ని అనుమతించాలని, పనివాళ్ల వసతిని నివాసం కిందే ప్రత్యేక వర్గంగా గుర్తించాలని చెప్పింది. ఆ రిపోర్టు పేరు అర్జీలో రాయండి, పని చేస్తుంది.

నాలుగో పని: ఏమేం అడగాలో ఎంచుకోవడం

అన్నీ ఒకేసారి అడగకండి. నా వరకు వరస ఇది. అన్నిటికన్నా ముందు పార్కింగు తగ్గింపు, ఎందుకంటే దానికి వ్యతిరేకత తక్కువ, ఫలితం వెంటనే. చిన్న ఇళ్లు, బాడుగకు మాత్రమే, బస్సు రోడ్డుకు నడక దూరం, ఈ మూడు షరతులు పెట్టుకుని అడగండి.

దాని తర్వాత వసతి గృహాలను నివాసం కింద లెక్కించడం. ఇప్పుడున్న మిద్దెల మీద ఇంకో పోర్షన్ వేసుకోవడానికి సులువు దారి కూడా ఇక్కడే అడగాలి. కర్నూలులో బాడుగ ఇళ్లలో పెద్ద భాగం ఇట్లా ఇంటి ఓనర్లు పైన వేసినవే, బిల్డర్లు కట్టినవి కావు. వాళ్లు ప్లాను లేకుండా రేకులు వేయడం మానేసి, స్లాబు వేసి, మెట్లు వేరుగా పెట్టి, అనుమతితో కట్టేలా చేస్తే ఒక్క వెంచరు లేకుండానే ఇళ్లు పెరుగుతాయి. అనుమతి లేకుండా కట్టి, బీపీఎస్, అంటే ఫీజు కట్టించుకుని అనుమతి లేని కట్టడాన్ని క్రమబద్ధీకరించే పథకం, ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే అలవాటు కంటే ఇది మేలు కదా.

అదనపు అంతస్తు అడగడం మూడోది. మన దగ్గర టీడీఆర్ బాండు (రోడ్డు లాంటివాటికి స్థలం వదులుకున్నవాళ్లకు పరిహారంగా ఇచ్చే, అమ్ముకోగల నిర్మాణ హక్కు) పెట్టినవాళ్లకు అదనపు అంతస్తు, సెట్‌బ్యాక్ సడలింపు ఇచ్చే పద్ధతి ఎటూ ఉంది. అదే సౌకర్యాన్ని, బాండు కొనే పని లేకుండా, ఇళ్లలో కొంత భాగం ఇంత బాడుగకు మించకుండా ఇస్తానని రాసిచ్చేవాళ్లకు ఇమ్మనండి. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రం మాంట్‌గొమరీ కౌంటీలో 1974 నుంచే ఈ పద్ధతి ఉంది. ప్రతి పెద్ద ప్రాజెక్టులో కొంత శాతం మధ్యస్థ ఆదాయం వాళ్లకు ఇవ్వాలి, బదులుగా బిల్డరు మామూలు కంటే ఎక్కువ ఇళ్లు కట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. "ప్రతి వెంచరులో 20 శాతం తప్పనిసరి" అనే డిమాండు వినడానికి బాగుంటుంది. మహారాష్ట్రలో 4,000 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టులకు అట్లాంటి రూలు ఉంది, 2007 జాతీయ గృహ విధానం కూడా 10 నుంచి 15 శాతం భూమి గానీ, 20 నుంచి 25 శాతం ఎఫ్ఎస్ఐ గానీ, ఏది ఎక్కువైతే అది కేటాయించమంది. కానీ ముంబయి, పుణెలో బిల్డరుకు అంత భారం మోసే లాభం ఉంటుంది, కర్నూలులో అది లేదు. ఇక్కడ తప్పనిసరి అంటే బిల్డరు అనుమతి లేని వెంచరు వైపు తిరుగుతాడు, తర్వాత అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్ఆర్ఎస్ ఉండనే ఉంది. ముందు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి, మార్కెట్ నిలబడ్డాక తప్పనిసరి. ప్రభుత్వ భూమిలో, ఏపీఐఐసీ భూమిలో మాత్రం మొదటి రోజు నుంచే తప్పనిసరి అని అడగొచ్చు, అక్కడ భూమి జనానిది. తమిళనాడులో శ్రీపెరంబుదూరు దగ్గర వల్లం వడగాల్‌లో ఆ రాష్ట్ర పారిశ్రామిక సంస్థ సిప్కాట్ 18,720 మంది మహిళా కార్మికులు ఉండేలా వసతి సముదాయం కట్టింది, 2024 ఆగస్టులో తెరిచారు. ఓర్వకల్లు, కొప్పర్తి నోడ్ల ప్లానులో అట్లాంటి బ్లాకుకు ఇప్పుడే జాగా గీయకపోతే ఆ జాగా తర్వాత గోడౌన్ అవుతుంది.

ఐదో పని: దూరం సంగతి మర్చిపోకండి

సెంటు స్థలం ఇచ్చినా, రెండు సెంట్లు ఇచ్చినా, జీ ప్లస్ త్రీ కట్టినా, అది ఊరికి ఎంత దూరం అన్నదే చివరికి ఇంట్లో దీపం వెలుగుతుందా లేదా అన్నది తేలుస్తుంది. జగన్నాథ గట్టు మీద టిడ్కో ఇళ్లు చూడండి, ఇల్లు గట్టు మీద, చాలామందికి పని ఊళ్లో. బస్సు ఎన్నింటికి, చివరి బస్సు ఎన్నింటికి, రాత్రి పదికి షిఫ్టు దిగిన ఆడపిల్ల ఎట్లా పోవాలి అన్న ప్రశ్నలకు జవాబు లేని చోట జోనింగ్ మార్చమని అడగకండి. నంద్యాల రోడ్డు పొడవునా, కల్లూరు వైపు, బస్సు ఆగేచోటికి అర కిలోమీటరు లోపల అని అడగండి.

ఆరో పని: అర్జీ, ఆ తర్వాత

డ్రాఫ్టు మాస్టర్ ప్లాన్ గానీ, సవరణ గానీ ప్రచురిస్తే అభ్యంతరాలు, సూచనలకు గడువు ఇస్తారు. ఆ గడువే మీ అసలైన అవకాశం. ఆ తేదీలోపు రాతపూర్వకంగా ఇవ్వండి, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. "అభ్యంతరం" అనే మాట చూసి వ్యతిరేకించేవాళ్లు మాత్రమే రాస్తారు, మద్దతుగా రాసేవాళ్లు ఉండరు, అందుకే మీ కాగితానికి విలువ. ప్లాన్ సవరణ ఏదీ నడవకపోతే కార్పొరేటరు ద్వారా కౌన్సిల్ ఎజెండాలో పెట్టించి తీర్మానం చేయించండి, దాన్ని డీటీసీపీకి (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ డైరెక్టరుకు), మున్సిపల్ శాఖకు పంపించమనండి. బిల్డింగ్ రూల్స్ మార్చే అధికారం రాష్ట్రానిది, కౌన్సిల్ తీర్మానం సిఫారసు మాత్రమే. ఈ తేడా తెలిసినవాళ్లు కౌన్సిలర్లలోనే తక్కువ.

అర్జీ ఒకటిన్నర పేజీ దాటొద్దు. ఇట్లా ఉండొచ్చు:

"ఫలానా రోడ్డులో, బస్ స్టాపుకు 500 మీటర్ల లోపు, 30 చదరపు మీటర్ల లోపు బాడుగ ఇళ్లు మాత్రమే కట్టే భవనాలకు పార్కింగు అవసరాన్ని నిర్మాణ విస్తీర్ణంలో పదో వంతుకు తగ్గించి, ఇంటికి ఒక ద్విచక్ర వాహనం చొప్పున చోటు చూపితే చాలునని రూలు సవరించాలని కోరుతున్నాం. ఇందువల్ల పదిసెంట్ల స్థలంలో 17 ఇళ్లకు బదులు 21 ఇళ్లు వస్తాయి. లెక్క జతచేశాం."

చూశారా, కన్నీళ్లు లేవు, డిమాండ్ల జాబితా లేదు. ఫలానా రూలు, ఇంత మార్పు, ఇంత లాభం.

కాలనీవాళ్లు అడ్డం తిరుగుతారు, దానికి సిద్ధపడండి. బ్యాచిలర్లు వస్తారు, రోడ్డు మీద బండ్లు పెడతారు, నీళ్లు చాలవు అంటారు. నీళ్ల మాట నిజం, వేసవిలో కర్నూలులో దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. సంపు సైజు, వాన నీటి గుంత, బోరు సంగతి ప్లానులోనే షరతులుగా పెట్టించండి. బ్యాచిలర్ల మాటకు మాత్రం నేను జవాబు చెప్పను, ఆ మాట అనేవాళ్ల అబ్బాయి కూడా బెంగళూరులోనో హైదరాబాదులోనో ఎవరి ఇంట్లోనో బాడుగకు ఉంటాడు.

ఏడో పని: సడలింపు తీసుకున్నవాళ్లు మాట మీద నిలబడేలా చూడటం

దీన్ని అందరూ వదిలేస్తారు. పార్కింగు తగ్గించుకుని, అంతస్తు ఎక్కువ కట్టుకుని, రెండేళ్లకు రెండు ఇళ్లు కలిపి ఒకటి చేసి అమ్మేస్తే మీ శ్రమంతా బిల్డరుకు కానుక. పైన చెప్పిన కేంద్రం బాడుగ ఇళ్ల పథకంలో 25 ఏళ్లు బాడుగకే వాడాలన్న షరతు ఉంది. అదే తరహా షరతును అనుమతి పత్రంలో, రిజిస్టరైన డీడ్‌లో రాయించాలి, ఈసీ (ఆస్తి మీదున్న లావాదేవీలు, భారాలు చూపే సర్టిఫికెట్) తీస్తే కొనేవాడికి కనపడాలి. బాడుగ ఏటా ఎంత పెంచొచ్చో కూడా అందులోనే ఉండాలి. మాట తప్పితే జరిమానా చదరపు మీటరు లెక్కన ఉండాలి గానీ ఏదో వెయ్యి, రెండు వేలు అన్నట్టు ఉండకూడదు.

సడలించకూడనివి కూడా ముందే రాసిపెట్టండి. ఇంట్లో కనీసం ఒక గది 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదని, దాని వెడల్పు కనీసం 2.4 మీటర్లు ఉండాలని జాతీయ భవన నియమావళి చెప్తుంది, అది తాకొద్దు. మెట్ల వెడల్పు, కిటికీ, నిప్పు అంటుకుంటే బయటపడే దారి, వీటిలో ఒక్కటి తగ్గించినా మళ్లీ రేకుల షెడ్డుకే వచ్చినట్టు.

బిల్డింగు లేచాక ఇంటి పన్ను, కరెంటు మీటరు, నీటి కనెక్షను ఏ కేటగిరీలో ఇచ్చారో చూసుకోండి. కమర్షియల్ వేసి ఉంటే అనుమతి పత్రం జతచేసి వెంటనే మార్పించుకోవాలి, ఆ తేడా నెలనెలా నేరుగా బాడుగ మీద పడుతుంది. హాస్టల్ పద్ధతిలో నడిపేవాళ్లకు ఒక ఊరట, 2024లో జీఎస్టీ కౌన్సిల్ చెప్పినదాని ప్రకారం మనిషికి నెలకు 20 వేల లోపు, కనీసం 90 రోజులు ఉండేలా ఇస్తే జీఎస్టీ లేదు. కాబట్టి "జీఎస్టీ కలిపి" అని బాడుగ పెంచేవాళ్లను బిల్లు చూపించమనండి.